గంప కింద పుంజు, గట్టు మీద స్నోబోర్డు

మా గోదావరి వైపు వాలు అన్నది కళ్ళతో చూడాలంటే కాలవగట్టు ఎక్కాలి, కాదంటే రైసు మిల్లు వెనకాల ఊకగుట్ట ఎక్కాలి. ఇలాంటి చోట పుట్టి, నలభై రెండేళ్ళొచ్చాక స్నోబోర్డింగు, అంటే చెక్క మీద నిలబడి మంచు వాలు మీద జారే ఆట, మొదలుపెడతానంటే ఊళ్ళో ఎవరూ మంచు ఎక్కడిదని అడగలేదు. ఖర్చెంతని అడిగారు. అడిగిన వాళ్ళలో సగం మంది చంకలో పుంజు ఉంది, అదీ నా బాధ.

నాకూ ఉంది ఒకటి, డేగ రకం పుంజు. కోడిపందెం నేరం కాబట్టి జిల్లాలో అందరిలాగే నేనూ దాన్ని అందం కోసమే పెంచుతున్నాను. ఆ అందం కోసమే పొద్దున్న బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం మటన్ కీమా, సాయంత్రం వేడినీళ్ళ కాపడం, మధ్యమధ్యలో చెరువులో ఈత. మా పిల్లలకి ఈత రాదు. ఇదంతా ఖర్చు కిందకి రాదట, సంప్రదాయం కిందకి వస్తుందట. అలాంటప్పుడు రెండో హాబీ తప్పనిసరిగా చవగ్గా ఉండాలి, ఎందుకంటే మొదటిది ఇప్పటికే నాకంటే బాగా తింటోంది.

చవగ్గా ఆడటం ఈ ఆటకి పుట్టుకతో వచ్చిన గుణమే. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, షెర్మన్ పాపెన్ అనే ఆయన రెండు స్కీ చెక్కలు పక్కపక్కన బిగించి కూతుళ్ళకి ఆటవస్తువు చేసిచ్చాడు. స్నోబోర్డు కథ అక్కణ్ణించే మొదలు, 1998లో జపాన్‌లో జరిగిన నగానో శీతాకాల ఒలింపిక్స్ దాకా పోయింది. అదే ఒలింపిక్స్‌లో మన శివ కేశవన్ లూజ్ అనే మంచుబండి ఆట ఆడాడు. సాధనకి మంచుబాట లేక, చక్రాలు బిగించిన బండి మీద హిమాలయాల రోడ్ల మీద జారినవాడాయన. మరి నాకేం తక్కువ, హిమాలయాలు తప్ప?

కాబట్టి మా వడ్రంగి దగ్గరికెళ్ళాను. నూట యాభై సెంటీమీటర్ల చెక్క, రెండు కొసలూ పైకి లేవాలి అని బొమ్మ గీసి చూపిస్తే కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఆయ్, పెళ్ళిపీటకి కాళ్ళు ఎగ్గొట్టేశారేటండీ బాబూ?" అన్నాడు. ఈ చెక్కకి రెండు కాళ్ళూ కట్టేసుకుని జారాలని చెప్పాను. కోడికాలికి కత్తి కడితే అర్థం చేసుకునే మనిషి, మనిషికాలికి చెక్క కడితే అర్థం చేసుకోలేకపోయాడు.

ఈ ఆటలో ఎడమకాలు ముందు పెట్టి జారేవాళ్ళని రెగ్యులర్ అంటారు, కుడికాలు ముందు పెడితే గూఫీ, అంటే తిక్క బాపతు. మన ఇళ్ళల్లో కొత్తకోడలి దగ్గర్నుంచి అద్దె ఇంట్లో దిగేవాడి దాకా అందరూ కుడికాలే కదా. ఆ లెక్కన జాతి జాతంతా గూఫీయే. దీని మీద ఎవరూ కేసు వెయ్యకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యం.

ఇక వాలు లేదనేవాళ్ళకి కాటన్ దొర 1852లోనే సమాధానం చెప్పాడు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలోకి వదిలిన నీళ్ళు ఎవరూ తొయ్యకుండానే సముద్రం వైపు పోతున్నాయంటే వాలు ఉన్నట్టే. నీళ్ళకి సరిపోయింది నాకు సరిపోలేదు, అంతే. మంచుకైతే అసలు కొదవే లేదు. రొయ్యల పుణ్యమా అని భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలున్నాయి, అడిగితే దిమ్మల్ని పిండి చేసి మరీ ఇస్తారు. ఓ చోట అడిగాను కూడా. "ఎన్ని టన్నులు పట్టారండీ?" అన్నాడు కుర్రాడు. రొయ్యలు లేవు, జారడానికి అన్నాను. పెద్దాయన్ని పిలిచాడు. పెద్దాయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

చివరికి ఊకగుట్టే గతయింది. లోతైన మెత్తటి మంచులో బరువు వెనక్కాలి మీద వెయ్యాలి, అప్పుడే బోర్డు ముక్కు పైకి తేలుతుంది. నేనలాగే వేశాను. ముక్కు తేలింది, బోర్డుది కాదు, ఊకలో మిగతా నేనంతా మునిగాక పైకి కనిపించిన నా ముక్కు. ఊక మంచులా కరగదు. మూడు రోజులు చెవుల్లోంచి రాలింది, దురద వారం ఉంది. దూరం నుంచి చూస్తున్న మిల్లు ఓనరు ఒకటే అడిగాడు, "బీమా ఉందాండీ?"

అసలు మంచుకి కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్ళాలి. అక్కడ స్కీయింగ్ నేర్పే కేంద్ర పర్యాటక శాఖ సంస్థ ఒకటుంది, హోటళ్ళ జోలికి పోకుండా పని అయ్యేది అలాంటి చోటే. ఇప్పుడు శ్రీనగర్‌కి రైలు మార్గం కూడా పూర్తయింది, 2025లో. గొండోలా, అంటే తీగ మీద వేలాడుతూ పోయే పెట్టె, ఎక్కితే దాదాపు 3,900 మీటర్ల పైకి తీసుకెళ్ళి వదులుతుంది. మాకు ఎత్తంటే ధవళేశ్వరం నీటిమట్టమే, 11.75 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 3,900 మీటర్లకి ఎన్నో నంబరు హెచ్చరికో లెక్కేసుకోండి.

చిక్కు డబ్బు దగ్గర కాదు, కేలండరు దగ్గర వచ్చింది. కశ్మీర్‌లో గట్టి చలి, చిల్లాయ్ కలాన్ అంటారు, డిసెంబరు 21 నుంచి నలభై రోజులు. సరిగ్గా దాని నడుమ సంక్రాంతి. ప్రపంచంలో ఉన్న గోదావరి జిల్లాల వాళ్ళంతా ఊరికొచ్చే వారంలో నేను ఊరు వదిలి పోతే అప్పులవాళ్ళకి భయపడి పారిపోయానంటారు. పైగా డేగ మొహం ఎలా చూడాలి?

మా ఆవిడ మాత్రం తగువు పెట్టుకోలేదు. చెక్కని ఓసారి కాలితో తట్టి చూసి, "పుంజు ఓడిపోతే మసాలా పెట్టి కూరొండుకుంటాం. ఇది ఓడిపోతే ఏం చేసుకోవాలండీ?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నా దగ్గర జవాబు లేదు. ప్రస్తుతానికి దాన్ని గంప మీద బరువుగా పెట్టాం, పిల్లులు రాకుండా.

ఫిబ్రవరికి టికెట్లు చూస్తున్నాను. పుంజుని ఎవరింట్లో దించి వెళ్ళాలో తేలాలి. బావమరిది ఉంచుకుంటానన్నాడు గానీ, బాదంపప్పు ముందే లెక్కపెట్టి ఇమ్మంటున్నాడు.