శాన్ మారినో మీద విచారణ వేయాలి

ఇటలీ నడుమ 61 చదరపు కిలోమీటర్లలో ఒదిగి కూర్చున్న శాన్ మారినో అనే దేశం మనకు చేసిన అపకారాన్ని ఇకనైనా గట్టిగా నిలదీయాలి.

జనాభా 34 వేలు. మనకైతే ఒక మండలానికి కూడా చాలరు. 1960 నుంచి ఒలింపిక్స్‌కు వస్తూ, ఉత్త చేతులతో మర్యాదగా ఇంటికి వెళ్లేవాళ్లు. 2021లో టోక్యోకు ఐదుగురిని పంపి మూడు పతకాలు పట్టుకుపోయారు. ట్రాప్ షూటింగ్‌లో అలెస్సాండ్రా పెరిల్లికి కాంస్యం, జాన్ మార్కో బెర్తీతో కలిసి ఆవిడకే రజతం. పోనీ అక్కడితో ఆగారా? 86 కిలోల కుస్తీలో చివరి క్షణాల దాకా మన దీపక్ పునియాయే ముందుంటే, మైల్స్ అమీన్ 4-2తో కాంస్యం లాక్కున్నాడు.

కొందరు దీనికి తలసరి లెక్కలు వేస్తారు. ఆ లెక్కన మనకు లక్షా ఇరవై వేల పతకాలు రావాలి. టోక్యోలో ఇచ్చినవే మొత్తం వెయ్యి చిల్లర. తప్పు మనదా, ఒలింపిక్స్ వాళ్లదా?

పైగా అమీన్ పెరిగింది అమెరికాలో, మిషిగన్‌లో. అమ్మ తరఫు చుట్టరికంతో శాన్ మారినోకు ఆడాడు. అమెరికాలో చుట్టాలు మనకు మాత్రం తక్కువా? కానీ ఆ పాస్‌పోర్ట్ వదిలేసి మన తరఫున ఆడమని ఏ నోటితో అడుగుతాం? పెళ్లి సంబంధాలు చూస్తున్న టైంలో అయితే అసలు అనకూడని మాట.

ఇంకో అన్యాయం. అంత చిన్న దేశంలో ఎవరు ఎవరి తాలూకో అందరికీ తెలిసే ఉంటుంది. 2016లో రియోలో సింధు ఫైనల్ దాకా వెళ్తే, పాపం మనవాళ్లు ఆమె కులం ఏమిటని గూగుల్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది. అంత టైం కలిసొస్తే పతకాలు ఎవరికైనా వస్తాయి.

అక్కడ దేశాధినేతలు ఇద్దరు. ఆరు నెలలకోసారి మారిపోతారు. ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ పెద్దగా వేయాలో తేలేలోపే పదవీకాలం అయిపోతుంది. ఇక క్రీడాకారుల బొమ్మకు చోటు మిగలక ఏమవుతుంది?

పారిస్‌లో మాత్రం ధర్మం గెలిచింది. 2024లో మనకు ఆరు, వాళ్లకు సున్నా. తలసరి లెక్కలు ఇప్పుడు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.