పల్లెటూరి బీర్‌హౌస్‌ని మూసింది ఎవరు? లైసెన్సుల రిజిస్టర్‌ని అడగండి

ఇంగ్లండ్ పల్లెల్లో మూతపడిన పాత బీర్‌హౌస్‌ల గురించి ఎవరు రాసినా చివరికి కాలం మారిందనీ, జనం రావడం మానేశారనీ తేల్చేస్తారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. అక్కడ తాగినవాళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఇల్లు ఎవరిది అని అడిగితే చాలాసార్లు అసలు కారణం బయటపడుతుంది.

1830లో అప్పటి బ్రిటిష్ ప్రధాని వెల్లింగ్టన్ ప్రభుత్వం బీర్‌హౌస్ చట్టం తెచ్చింది. స్థానిక పన్ను కట్టే ఎవరైనా సరే ఎక్సైజు వాళ్లకు రెండు గినీలు, అంటే 2 పౌండ్ల 2 షిల్లింగులు కట్టి, సొంత ఇంట్లోనే బీరు తయారుచేసి అమ్ముకోవచ్చు. జిన్ను, బ్రాందీ లాంటివి మాత్రం అమ్మకూడదు. లైసెన్సు కోసం మేజిస్ట్రేటు గడప తొక్కాల్సిన పనే లేదు. మొదటి ఆరు నెలల్లోనే 24 వేలకు పైగా తెరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే దక్షిణ ఇంగ్లండ్‌లో వ్యవసాయ కూలీలు నూర్పిడి యంత్రాలు పగలగొట్టి గడ్డివాములు తగలబెడుతుంటే, కుట్రలన్నీ బీర్‌హౌస్‌లలోనే జరుగుతున్నాయని భూస్వాములు గగ్గోలు పెట్టారు. కూలివాడు తమ కళ్లబడకుండా నలుగురితో కూర్చునే చోటు దొరికిందన్నదే వాళ్ల అసలు బాధ అని నేననుకుంటాను.

ఆ లైసెన్సుదారులు ఎవరు? ఆ కాలపు జనాభా లెక్కలు, వ్యాపారుల డైరెక్టరీలు తిరగేస్తే ఒకే మనిషి పేరు పక్కన చెప్పులు కుట్టడం, బీరు అమ్మడం రెండూ కనిపిస్తాయి, లేదా వడ్రంగం, కమ్మరం. పగలు చేతిపని, సాయంత్రం ముందుగదిలో నాలుగు బల్లలు. భర్త పోతే లైసెన్సు భార్య పేరు మీదికి వచ్చేది, ఆమె తర్వాత కొడుకో అల్లుడో. వేరే ఆధారం లేని ఆడమనిషికి ఆ కాగితం ఎంత పెద్ద అండో ఆలోచించండి. తాగుడు మంచిదని నేను అనడం లేదు, ఆ గదుల్లో పాడైపోయిన కుటుంబాలూ ఉన్నాయి. కానీ ఆ ఆదాయం ఊళ్లోనే ఉండేది, లెక్క అడగాలంటే ఎదురుగా ఒక మనిషి ఉండేది.

1869లో లైసెన్సులిచ్చే పెత్తనం మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికి వెళ్లింది. అయితే ఆ ఏడాది మే 1 నాటికే నడుస్తున్న వాటికి చట్టం రక్షణ ఇచ్చింది, నాలుగు కారణాలకు తప్ప రెన్యువల్ ఆపడానికి వీల్లేదు. దాంతో పాత లైసెన్సుకు ఎక్కడలేని విలువ వచ్చి, బ్రూవరీలు, అంటే బీరు తయారుచేసే కంపెనీలు, ఆ ఇళ్లను వరుసగా కొనేశాయి. అప్పటిదాకా యజమాని అయిన మనిషి అద్దెకున్నవాడయ్యాడు, వాళ్లిచ్చిన బీరే అమ్మాలి. ఒకే కుటుంబం ఏళ్ల తరబడి నడిపిన చోట ఆ తర్వాత పేర్లు గబగబా మారిపోవడం చాలా జాబితాల్లో కనిపిస్తుంది.

ఇక 1904 చట్టం. తప్పేమీ చేయకపోయినా ‘ఈ ఊరికి ఇది అనవసరం’ అని మూసేయవచ్చు, లైసెన్సు వ్యాపారుల నుంచే వసూలు చేసిన నిధిలోంచి పరిహారం ఇస్తారు. పరిహారంలో పెద్ద వాటా ఇంటి యజమానికి, అంటే ఎక్కువగా బ్రూవరీకే వెళ్లేది, నడిపినవాడికి దక్కింది కొద్దిగా. పెద్దగా అమ్మకం లేని పల్లె బీర్‌హౌస్‌ని వదులుకోవడానికి బ్రూవరీకి అభ్యంతరం ఎందుకుంటుంది? ఊరు వద్దంది కాబట్టి పోయిందనడం ఇలాంటి చోట్ల అన్యాయం.

అదే బ్రిటిష్ ప్రభుత్వం మన దగ్గర చేసింది పూర్తిగా వేరు. మద్రాసు ప్రెసిడెన్సీలో అబ్కారీ అంటే వేలంపాట. ఎక్కువ పాడినవాడిదే హక్కు, కాబట్టి చిన్నవాడికి మొదటినుంచీ చోటే లేదు. కాంట్రాక్టర్ల సారా రాజ్యం స్వాతంత్ర్యం వచ్చాక కూడా కనిపించింది, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డాకే 1993లో సారా నిషేధం వచ్చింది. ఇప్పుడు లాటరీ. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 షాపులకు దరఖాస్తు పెట్టాలంటే తిరిగిరాని ఫీజే 2 లక్షలు. ఊళ్లో నిజంగా సీసా చేతికిచ్చే బెల్టు షాపు మనిషి పేరు మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. కేసు పడితే ఇరుక్కునేది ముందు ఆ మనిషే, లాభం పోయేది ఇంకెక్కడికో.