లో బీపీయే కదా, అదృష్టవంతురాలివి!

పొద్దున జరిగిన సంగతికి ఇంకా కోపం తగ్గలేదు. గోడకు కాళ్ళు ఎత్తిపెట్టి, వెల్లకిలా పడుకుని ఫోనులో టైపు చేస్తున్నాను. పోస్టు పొడుగవుతుంది. ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను.

ఒక కాగితం మీద ముద్ర వేయించుకోవడానికి వరుసలో నిలబడ్డాను. నా ముందు పదకొండు మంది. నలభై నిమిషాలు. నడవమంటే నడుస్తాను, మెట్లెక్కమంటే ఎక్కుతాను, కదలకుండా నిలబడమంటేనే నాకు చేటు. ఈ ముక్క ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, ఎవరి బుర్రకూ ఎక్కదు. నడిచేటప్పుడు పిక్కలు బిగుసుకుని రక్తాన్ని పైకి తోస్తాయి. స్తంభంలా నిలబడితే ఆ తోసేవాళ్ళు సెలవు పెట్టినట్టే. సరే, చేతిలోని కలం జారిపడింది. వంగి తీసుకుని లేచాను. ముందు చెవుల్లో హోరు. తరువాత చూపు అంచుల నుంచి నల్లబడుతూ లోపలికి వచ్చింది. ఎదుటి మనిషి చొక్కా మీది గళ్ళు మాత్రం కాసేపు మిగిలాయి, ఆపైన అవీ పోయాయి.

పడిపోలేదు. పడకముందే కూర్చోవడం అనే విద్యలో నేను ఆరితేరాను. సిగ్గు విడిచి అక్కడే నేల మీద చతికిలబడి, తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాను. పరువు కోసం ఇంకో నిమిషం నిలబడిన వాళ్ళే తల పగలగొట్టుకుంటారు.

ఇక చుట్టూ ఉన్న వైద్య నిపుణులు మేల్కొన్నారు. ఒకాయన నా చంకల కింద చేతులు వేసి "లేపండి, లేపి నిలబెట్టండి" అంటాడు. అయ్యా, తల దాకా ఎక్కే శక్తి రక్తానికి లేకనే కదా నేను కిందికి దిగాను, మళ్ళీ నిలబెడతానంటావేమిటి? ఒకావిడ సీసా మూత తీసి నేరుగా నా నోట్లో నీళ్ళు పోయబోయింది. నాకు స్పృహ ఉంది కాబట్టి సరిపోయింది. స్పృహ లేని మనిషి నోట్లో పోస్తే ఆ నీళ్ళు పొట్టలోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పడుకోబెట్టి, కాళ్ళ కింద ఒక సంచి పెట్టి ఎత్తు చేస్తే చాలు, చాలామందికి ఒకటి రెండు నిమిషాల్లో తెలివి వస్తుంది. రాకపోతే అంబులెన్సును పిలవాలి. ఇంత సులువైన పని ఎవరికీ ఎందుకు తోచదంటే, అందులో హడావిడి లేదు, చూసేవాళ్ళకు రక్తి కట్టదు.

అన్నిటికన్నా గొప్ప మాట కిటికీ వెనక నుంచి వచ్చింది. "అమ్మా, మీరు వరుసలోంచి బయటికి వచ్చేశారు. మళ్ళీ చివర నిలబడాలి." నేను వరుసలోనే ఉన్నాను నాయనా, కాకపోతే నిలువుగా లేను.

ముద్ర లేకుండానే ఇంటికి వచ్చి, ఎవరితోనైనా చెప్పుకుందామని అన్నయ్యకు ఫోను చేశాను. నా తప్పే. అంతా విని ఆయన ఏమన్నాడో తెలుసా? "లో బీపీయా? అదృష్టవంతురాలివే! నేను రోజూ మాత్రలు మింగి చస్తున్నాను. నీకు పక్షవాతం భయం లేదు, గుండెపోటు భయం లేదు. నూరేళ్ళు బతుకుతావు."

వరదలో మునిగినవాడు ఎండిన చెరువును చూసి నీకేం హాయిగా ఉన్నావు అన్నట్టుంది. ఇంతకీ ఒళ్ళు మండించే విషయం ఏమిటంటే, ఆయన చెప్పింది సగం నిజం. 90/60 కన్నా తక్కువ ఉంటే లో బీపీ అంటారు కానీ, ఆ అంకెతోనే పుట్టి, ఆ అంకెతోనే హాయిగా ముసలివాళ్ళయ్యేవాళ్ళు ఎందరో. కళ్ళు తిరగకుండా, నీరసం లేకుండా ఉంటే దానికి మందూ లేదు, అది జబ్బూ కాదు. ఏ డాక్టరైనా ఇదే చెబుతాడు. ఒక్క జర్మనీలో మాత్రం దీన్ని జబ్బుగానే లెక్కపెట్టి మందులు రాసేవారట, బ్రిటన్ డాక్టర్లు దానికి జర్మన్ జబ్బు అని పేరుపెట్టి నవ్వుకునేవారట. అక్కడైనా పుట్టాల్సింది. కనీసం నా నీరసానికి ఒక గౌరవం, ఒక చీటీ దక్కేవి. ఇక్కడేమో బద్ధకం అనే ఒక్క మాటతో తేల్చేశారు. పొద్దున్నే లేవలేకపోతే బద్ధకం. స్నానాల గదిలో వేడినీళ్ళకు కళ్ళు తిరిగి కూర్చుండిపోతే నాటకం. వేడికి రక్తనాళాలు వదులవుతాయి, అప్పుడు ఒత్తిడి ఇంకా పడిపోతుంది అని చెబితే, అతి తెలివి.

అసలు లేచి నిలబడటమే ఎంత పనో ఎవరికీ తెలియదు. మనిషి లేవగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారిపోతుంది. మెడలోని రక్తనాళాల్లో, గుండె పైనున్న బృహద్ధమనిలో ఒత్తిడిని కనిపెట్టే కాపలాదారులు ఉంటారు. వాళ్ళు మెదడుకు కబురు పంపితే గుండె వేగం పెంచుతుంది, నాళాలు బిగుసుకుంటాయి. మీలో ఇదంతా మీకు తెలియకుండానే రెప్పపాటులో జరిగిపోతుంది. నా కాపలాదారులు కాస్త నిదానస్తులు. కబురు చేరేలోపు నేను గోడ పట్టుకుని ఉంటాను. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే దానికి వేరే పేరే ఉంది, దాన్ని విడిగా పట్టించుకోవాలి. మరి పట్టించుకోవాలంటే నిలబెట్టి చూడాలి కదా! ఇరవై ఏళ్ళలో నన్ను నిలబెట్టి బీపీ చూసిన డాక్టర్లు ఇద్దరు. అక్షరాలా ఇద్దరు. మిగతావాళ్ళంతా గదిలోకి నడిచి వచ్చి కూర్చోగానే, చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టి, నేను మాట్లాడుతుండగానే గాలి కొట్టి, "110/70, బంగారంలా ఉంది" అన్నారు. కూర్చుంటే బంగారం, నిలబడితే ఇత్తడి. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఆనించాలి. చెయ్యి పైకి ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది, కిందికి వేలాడితే ఎక్కువ. పట్టీ చేతికి మరీ పెద్దదైతే తక్కువ, మరీ చిన్నదైతే ఎక్కువ. ఇవన్నీ నాకు తెలిసినప్పుడు వాళ్ళకు తెలియవా? తెలుసు. బయట వరుస ఉంది. మళ్ళీ వరుస! నా బతుకంతా వరుసల చేతిలోనే ఉంది.

ఇక ఉప్పు సంప్రదాయం. నాకు లో బీపీ అని తెలిసిన ప్రతి మనిషీ, ప్రతి ఒక్కరూ, "ఉప్పు ఎక్కువ తిను" అంటారు. ఉచితం కదా, ఇచ్చేస్తారు. నిజమే, కొందరికి డాక్టరే ఉప్పు కాస్త పెంచమంటాడు. అదే ఉప్పు గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు ఒళ్ళంతా నీరు పట్టిస్తుంది. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటుంటే, ఎవరికి ఎందుకు పడిపోతోందో తెలియకుండా చెంచాలతో పంచడమేమిటి? రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, మధుమేహంతో నరాలు దెబ్బతిని కావచ్చు, గుండె కవాటం కావచ్చు. వీటిలో దేన్ని నయం చేస్తుంది మీ చెంచాడు ఉప్పు? నాకు పనికొచ్చేవి చెబుతాను, ఎవరూ అడగలేదు కాబట్టి. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చోవడం. ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే ముందుగా రెండు గ్లాసుల నీళ్ళు గబగబా తాగడం. వరుసలో కాలు మీద కాలు మెలివేసి తొడలు, పిరుదులు బిగించి ఉంచడం. చూసేవాళ్ళు ఏమనుకుంటారో అనుకునే వయసు దాటిపోయాను. పొద్దున అది కూడా చేయలేదు, ఫోను చూస్తూ మరిచిపోయాను. ఒప్పుకుంటున్నాను.

అయితే పొద్దుటి నుంచి నా కోపం వరుస మీద కాదని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. అన్నయ్య అన్న మాట మీద. ఆ మాట ఆయన ఇంతకు ముందు కూడా ఒకసారి అన్నాడు, అమ్మ విషయంలో.

అమ్మకు హై బీపీ. ఎప్పుడు చూసినా 150 పైనే. రెండు రకాల మాత్రలు, అందులో ఒకటి ఒంట్లోని నీటిని మూత్రంలో పోగొట్టేది. ఒకసారి మూడు రోజులు వాంతులు, విరేచనాలు. ఆ మూడు రోజులూ అమ్మ మాత్రలు మాత్రం వేళ తప్పకుండా మింగింది. మానొద్దని డాక్టరు చెప్పాడు కదా, ఆమెకు డాక్టరు మాట వేదం. ఒంట్లో నీరు ఒకవైపు నుంచి పోతుంటే, ఇంకోవైపు నుంచి మాత్ర తోడేస్తోంది. ఇలాంటప్పుడు ఆ మాత్రల సంగతి ఏం చేయాలో అదే రోజు డాక్టరుకు ఫోను చేసి అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. మూడో రోజు సాయంత్రం నన్ను పిన్ని పేరు పెట్టి పిలిచింది. రెండుసార్లు. చెయ్యి పట్టుకుంటే పిండి ఆరవేయని తడిబట్టలా చల్లగా, జిగటగా ఉంది. పొద్దుటి నుంచి మూత్రానికి లేవలేదు. "వయసు మీదపడింది, చాదస్తం" అన్నాడు అన్నయ్య. ఇంట్లో మిషను ఉంటే పెట్టి చూశాను. 86/50. అప్పుడు అన్నాడు, నవ్వుతూ అన్నాడు: "ఎప్పుడూ 150 ఉండే మనిషికి ఇన్నాళ్ళకు తగ్గింది. సంతోషించు."

సంతోషించాలట.

150కి అలవాటుపడిన ఒళ్ళు అది. 86 సంగతి సరే, అలాంటి మనిషికి 105 కనిపించినా ఎందుకు పడిందని అడగాలి. అంకె ఎంత అన్నది సగం ప్రశ్నే. ఈ మనిషికి మామూలుగా ఎంత, ఎంత తొందరగా పడింది, పక్కన ఇంకేమి కనిపిస్తోంది అన్నవి మిగతా సగం. నా 88కి నేను కాళ్ళు గోడకెత్తి పోస్టు రాసుకుంటున్నాను. అమ్మ 86కి ఆమె మూత్రపిండాలు మూతపడబోయాయి. ఆసుపత్రిలో రెండు చేతులకూ సెలైన్ ఎక్కించారు. "తెల్లారే దాకా ఆగి ఉంటే..." అని ఆ డాక్టరమ్మ వాక్యం పూర్తి చేయలేదు. అమ్మ ఆ తరువాత నాలుగేళ్ళు ఉంది. అన్నయ్య మాత్రం ఇప్పటికీ అందరికీ ఎలా చెబుతాడంటే, "ఆ మధ్య అమ్మకు కాస్త నీరసం చేస్తే నేనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాను." నిజమే, కారు నడిపింది ఆయనే. తాళాలు ఆయన చేతిలో కుక్కింది ఎవరు?

కాబట్టి లో బీపీయే కదా అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లేవగానే ఒక క్షణం కళ్ళు బైర్లు కమ్మి సర్దుకుంటే ఇంట్లో కూర్చుని నీళ్ళు తాగండి, ఎవరూ కాదనరు. కానీ తరచూ అవుతుంటే, కొత్త మాత్ర మొదలుపెట్టాక అవుతుంటే, పడిపోయే దాకా వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. ప్రొస్టేట్ మాత్ర, నిద్ర మాత్ర, దిగులు మాత్ర, ఏదీ దాచకుండా. ముఖ్యంగా మగవాళ్ళు తలుపు వేసుకుని మింగే ఆ వయాగ్రా లాంటి మాత్ర సంగతి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రతో అది కలిసిందంటే ఒత్తిడి పాతాళానికి పడిపోతుంది, ప్రాణాలే పోవచ్చు. సిగ్గుపడి చావడం అనే మాట ఇంత అచ్చంగా ఇంకెక్కడా సరిపోదు.

ఇక కొన్నింటికి రేపు చూద్దాం అనే మాటే లేదు. ఛాతీలో నొప్పి, ఊపిరి అందకపోవడం, పరుగెడుతూనో బరువు ఎత్తుతూనో పడిపోవడం, పడుకుని ఉండగానే స్పృహ తప్పడం, పడబోయే ముందు గుండె దడదడలాడటం, తారులా నల్లటి విరేచనం, జ్వరంతో పాటు మాట తడబడటం, ఇంజక్షనో తేనెటీగ కాటో తగిలిన కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేచి గొంతు బిగుసుకోవడం. గర్భిణికి మధ్య నెలల్లో బీపీ కొంత తగ్గడం మామూలే, కానీ కడుపునొప్పో రక్తస్రావమో తోడైతే అది మామూలు కాదు. చల్లటి చెమట, పాలిపోయిన ముఖం, అందీ అందని నాడి, తికమక మాటలు కనిపిస్తే మిషను వెతుక్కుంటూ కూర్చోకండి. అమ్మ నన్ను పిన్ని పేరుతో పిలిచినప్పుడే బయలుదేరి ఉండాల్సింది. నేనూ ఒక గంట ఆలస్యం చేశాను, అన్నయ్య ఒక్కడే కాదు. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

ఇది టైపు చేస్తుండగానే అన్నయ్య నుంచి ఫొటో వచ్చింది. బీపీ మిషను బొమ్మ. 112/68. కింద ఒక వాక్యం: "ఇది తక్కువా? పొద్దుటి నుంచి కాస్త తల తిరుగుతున్నట్టుంది."

అదృష్టవంతుడివే, సంతోషించు అని టైపు చేశాను. చెరిపేశాను. మామూలుగా నీకెంత ఉంటుంది, కొత్త మాత్ర ఏమైనా మొదలుపెట్టారా, కూర్చుని చూశావా, నిలబడి చూశావా అని అడిగాను. "డోసు పెంచారు. కూర్చునే చూశాను. నిలబడి కూడా చూడాలా?" అన్నాడు. పక్కన మనిషిని పెట్టుకుని నిలబడు, మూడు నిమిషాలు ఆగి చూడు, కళ్ళు తిరిగితే వెంటనే కూర్చో అన్నాను.

పది నిమిషాలయింది. జవాబు లేదు. వదినకు ఫోను చేస్తున్నాను.