కొబ్బరిచెట్ల మధ్య కాస్మిక్ హారర్ పుట్టదా?

కాస్మిక్ హారర్, అంటే అంతుపట్టని విశ్వం ముందు మనిషి ఏపాటివాడన్న భయంతో నడిచే కథలు, తెలుగువాళ్లకు ఎక్కదు అనే పోస్టు ఒకటి ఈమధ్య సినిమా గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో చెప్పింది టూకీగా ఇది: ఆ సినిమాల్లో ఆక్టోపస్ మొహం రాక్షసులు తప్ప ఏమీ ఉండదు; ఈ విశ్వానికి మనిషి లెక్కలోనే లేడన్న భయం దేవుణ్ని నమ్మే జనానికి తగలదు; ఆ కథలు చదువుకోవడానికే తప్ప తెరమీద నిలవవు, తీసినవన్నీ ఫ్లాపులే; తీయాలంటే గ్రాఫిక్స్‌కి వందల కోట్లు కావాలి; అన్నిటికీ మించి పచ్చటి కోనసీమలో, కొబ్బరిచెట్ల మధ్య అలాంటి భయం పుట్టదు, దానికి మంచు కురిసే దేశం, పాడుబడ్డ బంగళాలు ఉండాలి. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి ఆ ఆఖరి మాట నాకు బాగా గుచ్చుకుంది. ఈ తరహా కథలంటే నాకు ప్రాణం, అందుకే మిగతా మాటలూ వదలబుద్ధి కాలేదు.

ముందు ఆక్టోపస్ సంగతి. ఈ తరహా కథలకు పేరుపడ్డ అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ కథ 'ది కాల్ ఆఫ్ క్తుల్హు' 1928లో అచ్చయింది. ఆ ముద్ర దాని వల్లే పడింది. కానీ అందులో ఆ ప్రాణి కనిపించేది చివర్లో కాసేపే. అంతకుముందు నడిచేదంతా కాగితాల మీదే: చనిపోయిన ప్రొఫెసరు పెట్టెలో ఒక మట్టి పలక, ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ చెప్పిన వివరాలు, పాత పేపరు ముక్క, ఒక నావికుడు రాసిపెట్టుకున్న కథనం. విడిగా చూస్తే ఏదీ భయపెట్టదు. పక్కపక్కన పెట్టి చదివేసరికి కాళ్లు చల్లబడతాయి.

లవ్‌క్రాఫ్ట్‌కు తన కథల్లో బాగా నచ్చింది 1927 నాటి 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్'. దాంట్లో రాక్షసుడే లేడు, ఉన్నది ఒక రంగు. రైతు ఇంటి బావి పక్కన ఉల్క పడుతుంది. ఆ ఏడు పళ్లు ఎప్పుడూ లేనంత పెద్దగా కాస్తాయి, నోట్లో పెట్టుకుంటే చేదు. తర్వాత చెట్టూ చేమా బూడిద రంగుకు తిరిగి పొడిపొడిగా రాలిపోతాయి. పశువులు పోతాయి, తర్వాత మనుషులు. ఆ కుటుంబం మాత్రం పొలం వదిలి కదలదు.

ఈ కథ కొబ్బరి రైతుకు ఎక్కదని ఎలా అంటారు? సర్పిలాకార తెల్లదోమ పట్టిన చెట్టు కింద ఒకసారి నిలబడండి. ఆకు పైభాగమంతా మసి పూసినట్టు నల్లగా ఉంటుంది. అదే ఆకును తిప్పి చూస్తే అడుగున తెల్లటి మైనం పొడి, దాని మధ్య సుళ్లు సుళ్లుగా పెట్టిన గుడ్లు, ఎవరో కూర్చుని ముగ్గు గీసినంత పద్ధతిగా ఉంటాయి. మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో మొదట గుర్తించింది 2016లో. దాని పేరేంటో, ఎక్కణ్నుంచి వచ్చిందో, ఏం మందు కొట్టాలో శాస్త్రవేత్తలు తర్వాత చెప్పారు. కానీ మొదటిసారి ఆకు తిప్పి చూసిన రైతుకు కలిగినది పంట పోతుందన్న దిగులు ఒక్కటే కాదు. తన తోటలో, తనకు తెలియని లెక్క ప్రకారం ఏదో జరిగిపోతోంది. ఆ కథలో ఉన్న భయం సరిగ్గా ఇదే.

ఇక దేవుడి మాట. పోస్టులో అందరూ తలూపింది దీనికే, నాకు అన్నిటికంటే తప్పుగా తోచింది కూడా ఇదే. మన్ను తిన్నావా అని యశోద కొడుకు నోరు తెరిపిస్తే అందులో బ్రహ్మాండం కనబడింది. అప్పుడు ఆమె ఆనందంతో పొంగిపోయినట్టు పోతన రాయలేదు. "కలయో! వైష్ణవ మాయయో!" అని మొదలుపెట్టి "యశోదాదేవిఁ గానో! పరస్థలమో!" దాకా తీసుకెళ్లాడు. నేను అసలు యశోదనేనా, ఇది వేరే చోటా అని ఒక తల్లి తన పెరట్లోనే, కొడుకు ముందు నిలబడి అనుకుంటోంది. ఎదురుగా ఉన్నది బుద్ధికి పట్టనంత పెద్దదైనప్పుడు మనిషి ముందుగా అనుమానించేది తనను తానే. ఇంగ్లీషు కథకులు పేజీలకు పేజీలు రాసి పట్టుకోవాలని చూసింది ఈ క్షణాన్నే. గీత పదకొండో అధ్యాయంలో విశ్వరూపం చూపించమని అడిగింది అర్జునుడే. చూశాక, భయంతో నా మనసు కలవరపడుతోంది, నీ పాత రూపమే చూపించమని వేడుకున్నదీ అతనే. భక్తుడికి ఈ భయం తెలియదని ఈ రెండు ఘట్టాలూ విన్నవాళ్లెవరూ అనలేరు.

తేడా లేదని నేననను. యశోదను మాయ మళ్లీ కమ్ముకుంటుంది, ఆమె బిడ్డను ఒళ్లోకి తీసుకుంటుంది. అర్జునుడికి అభయం దొరుకుతుంది. కాస్మిక్ హారర్‌లో ఆ అభయం రాదు, అందుకే అది వేరే జానర్ అయింది. కానీ అభయం ఎంత విలువైనదో తెలిసిన ప్రేక్షకుడికే అది అందకపోవడం ఎక్కువ తగులుతుంది. దేవుడే లేడనుకునేవాడికి ఆ ఖాళీ కొత్తేమీ కాదు, రోజూ దీపం పెట్టుకునేవాడికి గుండె జారుతుంది.

అసలు ఈ సినిమాల మీద ఇష్టం ఎందుకు పుడుతుందో కూడా ఇక్కడే చెప్పాలి. మన దెయ్యం సినిమాలో దెయ్యానికి పగ ఉంటుంది. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, ఎవరో ఎవరికో అన్యాయం చేసి ఉంటారు, ఆ లెక్క తీరితే దెయ్యం వెళ్లిపోతుంది. నాకు అవీ ఇష్టమే. కానీ 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపానుకు ఎవరి మీద పగ ఉంది? వెయ్యిమందికి పైగా పోయారు, తోటలకు తోటలు నేలకొరిగాయి. ఏం పాపం చేశామని మాకిది అని ఏడ్చినవాళ్లకు ఏ ఫ్లాష్‌బ్యాక్‌లోనూ సమాధానం దొరకదు. నువ్వు ఏ పాపమూ చేయలేదు, వచ్చినదానికి నువ్వు ఉన్నావనే తెలియదు అని మొహమాటం లేకుండా చెప్పే కథలు ఇవే. వినడానికి కటువుగా ఉంటుంది. కానీ నష్టపోయినవాడి నెత్తిన తప్పు కూడా రుద్దే కథలకంటే ఇందులో దయ ఎక్కువ. నేను మళ్లీ మళ్లీ వీటి దగ్గరికి వెళ్లేది అందుకే.

ఆ పోస్టుతో పాటు, లవ్‌క్రాఫ్ట్ జాత్యహంకారి కదా, మనలాంటి నల్లవాళ్లను చూసే భయపడ్డాడు కదా అని కూడా కలిపి తిప్పుతున్నారు. అది నిజమే, అతని కథల్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే వాటిని ఉన్నవి ఉన్నట్టు తీయకూడదు. విక్టర్ లావాల్ అనే నల్లజాతి రచయిత, లవ్‌క్రాఫ్ట్ కథల్లో జాతిద్వేషం ఎక్కువగా ఉన్న ఒకదాన్నే తీసుకుని, నల్లవాడి వైపు నుంచి 2016లో తిరగరాశాడు. మనమూ ఆ పని చేయొచ్చు.

తెరమీద నిలవవు, అన్నీ ఫ్లాపులే అన్నదానికి వద్దాం. చూపించలేనిదాన్ని ఎలా చూపిస్తారన్నది మంచి ప్రశ్నే, దానికి జవాబులు సినిమాల్లోనే ఉన్నాయి. 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్'లో ఎవరూ చూడని రంగు అని రాస్తే సరిపోతుంది. కెమెరాకు ఏదో ఒక రంగు కావాలి కదా? 2010లో జర్మనీలో ఇదే కథను 'డీ ఫార్బె' పేరుతో తీసినప్పుడు సినిమా మొత్తం బ్లాక్ అండ్ వైట్‌లో ఉంచి, ఆ ఒక్కదానికే రంగు ఇచ్చారు. 2019లో రిచర్డ్ స్టాన్లీ తీసినప్పుడు తెరంతా మజెంటాతో నింపాడు. మజెంటాకు ఇంద్రధనుస్సులో చోటు లేదు, దానికంటూ ఒక తరంగదైర్ఘ్యం లేదు. ఎరుపూ నీలమూ కలిసి కంట్లో పడినప్పుడు మన మెదడు కల్పించుకునే రంగు అది. చూపించలేనిదానికి ఇంత తెలివైన జవాబు దొరికాక, ఇవి తెరకు పనికిరావని ఎలా అంటాం?

2018 నాటి 'అనైహిలేషన్' ఇంకో దారి పట్టింది. జెఫ్ వాండర్‌మీర్ నవలను పక్కన పెట్టుకుని సీను సీనుగా తీయకుండా, చదివినప్పటి జ్ఞాపకం మీద ఆధారపడి అలెక్స్ గార్లండ్ స్క్రిప్టు రాశాడు. అందులో ఒక ఎలుగుబంటి గదిలోకి వస్తుంది. నోరు తెరిస్తే, అంతకుముందు అది చంపిన ఆడమనిషి గొంతు సాయం కోసం అరుస్తుంది. కుర్చీలకు కట్టేసి ఉన్నవాళ్లు కదల్లేరు, మనం కూడా. ఆ సీనుకు బలం ఎలుగుబంటి గ్రాఫిక్స్ కాదు, ఆ గొంతు.

ఫ్లాప్ అన్న ముద్ర కూడా అంత గట్టిదేం కాదు. 1938 నాటి కథ మీద జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' 1982 జూన్ 25న వచ్చింది. రెండు వారాల ముందే 'ఈ.టీ.' వచ్చి, ముద్దొచ్చే గ్రహాంతరవాసిని చూపించి జనాన్ని తనవైపు తిప్పుకుంది. 'ది థింగ్' ఆడలేదు, విమర్శకులు తిట్టారు. ఈ రోజు గొప్ప హారర్ సినిమాల జాబితా ఏది తీసినా అది ఉంటుంది. మన దేశంలో 2018 నాటి హిందీ హారర్ సినిమా 'తుంబాడ్' 2024లో మళ్లీ విడుదలై మొదటిసారి కంటే ఎక్కువ వసూలు చేసింది. ఇలాంటి సినిమాలకు ప్రేక్షకుడు ఆలస్యంగా దొరుకుతాడు, అంతే.

బడ్జెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లవ్‌క్రాఫ్ట్ కథ మీద దర్శకుడు గియెర్మో డెల్ టోరో తీయాలనుకున్న 'ఎట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' 2011లో ఆగిపోయింది నిజమే, అడిగింది 15 కోట్ల డాలర్లు. కానీ 2005లో లవ్‌క్రాఫ్ట్ అభిమానులే కలిసి 'ది కాల్ ఆఫ్ క్తుల్హు'ను 47 నిమిషాల మూకీ సినిమాగా, కథాకాలం నాటి సినిమాలాగే ఉండేట్టు తీశారు, అది నిలబడింది. ఇంకో సంగతి: మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది. లవ్‌క్రాఫ్ట్ 1937లో, ఇలాంటి కథలే రాసిన ఇంగ్లీషు రచయిత ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ 1951లో పోయారు. కథ హక్కులకు ఇక్కడ ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు.

ఇక మా ఊళ్ల మాట. డెల్టా అంటే పాటల్లో చూపించే పడవలూ పచ్చదనమే అనుకునేవాళ్లకు కోరింగ చూపించాలి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1789 డిసెంబరులో ఒకదాని వెనక ఒకటి మూడు పెద్ద అలలు వచ్చి ముంచేశాయి. 1839 నవంబరులో మళ్లీ తుపాను ఊడ్చేసింది. ఇప్పుడు అటు వెళితే మడ అడవులు. పోటు తగ్గినప్పుడు బురదలోంచి వేలల్లో పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకునే వేర్లు కనిపిస్తాయి. పాశర్లపూడిలో 1995 జనవరి 8న చమురు, గ్యాస్ కోసం బావి తవ్వుతుంటే గ్యాస్ ఎగదన్ని అంటుకుంది, 65 రోజులు మండింది. రాత్రుళ్లు ఆకాశం ఎర్రగా ఉండేదని, ఆ హోరు చెవుల్లోంచి పోయేది కాదని ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్తారు. కాళ్ల కింద ఏముందో తెలియని నేల మీద కాపురం ఉంటున్నవాళ్లం మేము. మాకు పాడుబడ్డ బంగళా అక్కర్లేదు.

బ్లాక్‌వుడ్ 1907లో రాసిన 'ది విల్లోస్' చదివినప్పుడు నాకు మా లంకలే కళ్లముందు కదిలాయి. ఇంగ్లీషు వింత కథల్లో దీన్ని మించింది లేదని లవ్‌క్రాఫ్టే మెచ్చుకున్నాడు. ఇద్దరు స్నేహితులు డాన్యూబ్ నదిలో వరద రోజుల్లో చిన్న పడవ మీద పోతూ ఒక ఇసుక లంక మీద దిగుతారు. చుట్టూ విల్లో పొదలు, నీళ్లు, గాలి. పొద్దున లేచేసరికి లంక చిన్నదై ఉంటుంది. పొదలు రాత్రికంటే దగ్గరికి జరిగినట్టుంటాయి. ఒక తెడ్డు కనిపించదు, పడవ అడుగున చీలిక ఉంటుంది, ఇసుకలో గరాటు ఆకారంలో గుంటలు పడి ఉంటాయి. పైన ఎక్కణ్నుంచో గంట మోగినట్టు ఒక హోరు. కథ ఇంతే. ఏ ప్రాణీ సరిగ్గా కనపడదు. వీళ్లు చేసిన తప్పు కూడా ఏమీ లేదు, దిగకూడని చోట దిగారు.

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో హెచ్చరిక ఇచ్చిన రాత్రి లంకలో ఉన్నవాళ్లకు ఇందులో ఏ వాక్యం కొత్త? వరద పగలు కంటికి కనిపిస్తుంది, రాత్రి చెవికి వినిపిస్తుంది. గట్టు కోసుకుపోతున్నప్పుడు ముందు మట్టి బుసబుసా జారుతుంది, కాసేపు ఏమీ ఉండదు, తర్వాత పెద్ద పెళ్ల ఒకటి దభీమని నీళ్లలో పడుతుంది. వేర్లతో సహా కొబ్బరిచెట్టు ఒరుగుతుంటే నారలు పటపటా తెగే చప్పుడు వేరు. పొద్దున చూస్తే నిన్న పశువుల్ని కట్టిన చోట ఎర్రనీళ్లు ఉంటాయి. విల్లో పొదల బదులు రెల్లు, కానూ బదులు నాటు పడవ పెట్టండి, కథలో మార్చాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

మా వైపు కుర్రాళ్లు షార్ట్ ఫిల్ములు బాగా తీస్తున్నారు, కెమెరా పనితనం చక్కగా ఉంటోంది. వాళ్లలో ఎవరైనా ఇది మొదలుపెడితే నేను అడిగేది ఒకటే: రాక్షసుడి డిజైన్ తర్వాత చూసుకోవచ్చు, వరదలు రాగానే ఏటిగట్టు మీదికి ఒక మంచి మైకు పట్టుకెళ్లి రాత్రంతా ఆ కోత చప్పుడు రికార్డు చేసిపెట్టుకోండి. గట్టుకు మరీ దగ్గరగా మాత్రం నిలబడొద్దు.