ఎఫ్-150నా, సిల్వరాడోనా? ముందు డోరు తెరిచి చూడండి

అమెరికాలో చాలా కుటుంబాలకు పికప్ ట్రక్కు బ్రాండు ఇంటిపేరులా వంశపారంపర్యంగా వస్తుంది. తాత ఫోర్డ్ నడిపితే మనవడూ ఫోర్డే కొంటాడు. షెవీ (షెవర్లేకి ముద్దుపేరు) ఇంట్లో పెరిగినవాడు ఫోర్డ్ షోరూం గడప తొక్కడు. టెక్సస్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఆ బెడద లేదు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొనుక్కుని, పిల్లలు కాస్త ఎదిగాక బోటో క్యాంపరో (ట్రక్కు వెనక లాగే చిన్న ఇల్లు లాంటి ట్రైలర్) లాగాలన్న సరదా పుట్టిన కుటుంబానికి ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500 రెండూ కొత్తే. ఏ అభిమానమూ అడ్డురాకుండా ఎంచుకోవచ్చు. తీరా చూస్తే వీళ్లలోనూ చాలామంది హార్స్‌పవర్ అంకెల్లో, యూట్యూబ్ రేసుల్లో పడి కొట్టుకుంటున్నారు.

అమ్మకాల్లో నంబర్ వన్ ఎవరన్న వాదన కూడా అలాంటిదే. ఎఫ్-సిరీస్ 1977 నుంచి అమెరికాలో అత్యధికంగా అమ్ముడవుతున్న ట్రక్కు అంటుంది ఫోర్డ్. అందులో భారీ సూపర్ డ్యూటీ ట్రక్కుల లెక్కా కలిసే ఉంటుంది. సిల్వరాడోకి దాని తోబుట్టువు జీఎంసీ సియెరాను కలిపి చూడండి, మేమే ముందుంటాం అంటుంది షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్. ఇద్దరి మాటా నిజమే, కానీ కొనేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకో తమాషా ఏమిటంటే, బద్ధశత్రువుల్లా కనిపించే ఈ రెండు కంపెనీలూ 2013లో ఒప్పందం చేసుకుని 10 స్పీడ్ల గేర్‌బాక్సును కలిసే తయారుచేసుకున్నాయి.

అసలు చూడాల్సింది డ్రైవర్ డోరు తెరిస్తే పక్క ఫ్రేమ్ మీద కనిపించే పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని దాని మీద ఉంటుంది. ఆ అంకె 1,500 అనుకుందాం. అమ్మ, నాన్న, ఇద్దరు టీనేజ్ పిల్లలు కలిపి 600 పౌండ్లు. కూలర్, బ్యాగులు, హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) కలిపి ఇంకో 150. మిగిలింది 750. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుంది, అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. సగటున పన్నెండున్నర శాతం వేసుకున్నా 6,000 పౌండ్ల ట్రైలర్‌తో కోటా అయిపోయినట్టే. బ్రోషర్‌లో 11,000 పౌండ్లు లాగుతుందని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా సరే. పైగా క్యాంపర్ అమ్మేవాడు చెప్పేది ఖాళీ బరువు. ట్యాంకులో 40 గ్యాలన్ల నీళ్లు పోస్తే అవే 330 పౌండ్లు.

ఈ అంకె మోడల్‌ని బట్టి కాదు, ఒక్కో బండిని బట్టి మారుతుంది. ఒకే లాట్‌లో పక్కపక్కన నిలబెట్టిన రెండు ఎఫ్-150ల మధ్య కూడా వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. ఖరీదైన ట్రిమ్‌కి (వేరియంట్‌కి) వెళ్లేకొద్దీ సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, మోటార్ సీట్లు బండి బరువు పెంచుతాయి, మోయగలిగేది తగ్గుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ మోసే ట్రక్కు కొంటున్నామని సేల్స్‌మన్ తనంతట తాను చెప్పడు.

ఈ లెక్క తేలాకే బ్రాండు ప్రశ్న వస్తుంది. అక్కడ రెండు తేడాలు నాకు ముఖ్యమనిపిస్తాయి.

మొదటిది కరెంటు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ గ్రిడ్ కుప్పకూలినప్పుడు ఎఫ్-150 హైబ్రిడ్ ఉన్న కొందరు ట్రక్కు నుంచే ఇంటికి తీగ లాక్కున్నారు. దాని బెడ్‌లోని (వెనక సామాను తొట్టిలోని) ప్లగ్గులు 7.2 కిలోవాట్ల దాకా ఇవ్వగలవు. ఫ్రిజ్, లైట్లు, వైఫై, ఫర్నేస్ ఫ్యాన్‌కి అది ధారాళం. ఇంజిన్ మధ్యమధ్యలో ఆన్ అవుతుంది కాబట్టి బండి గ్యారేజీ బయటే ఉండాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణానికే ముప్పు. పెట్రోల్ సిల్వరాడోలో దీనికి సాటి వచ్చేది లేదు. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండేవాళ్లకు ఇదొక్కటే ఫోర్డ్ వైపు మొగ్గడానికి చాలు.

రెండోది డీజిల్. ఎఫ్-150లో డీజిల్ ఇంజిన్‌ని ఫోర్డ్ 2021లోనే ఆపేసింది. సిల్వరాడోలో 3 లీటర్ల డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిన్ ఉంది, 495 పౌండ్-అడుగుల టార్క్‌తో (లాగే బలంతో). సెలవులొస్తే ట్రైలర్ తగిలించుకుని కొలరాడో కొండలకు వెళ్లే కుటుంబమైతే నేను షెవీయే తీసుకోమంటాను. సామాను వేసుకోవడానికీ దానిదే పైచేయి: ఆరున్నర అడుగుల బెడ్‌లో ఫోర్డ్‌కి 62.3 ఘనపుటడుగులు పడితే సిల్వరాడోకి 71.7 పడతాయి. ఫోర్డ్ అల్యూమినియం బాడీ మీద షెవీ 2016లో రాళ్లు కుమ్మరించి, బెడ్‌కి చిల్లులు పడతాయని చూపిస్తూ యాడ్ తీసింది గానీ, ఒక బెడ్‌లైనర్ (బెడ్‌కి లోపలి రక్షణ పూత) వేయిస్తే ఆ గొడవ ఉండదు.

నమ్మకం విషయంలో ఎవరినీ వెనకేసుకురాలేం. జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజిన్లలో లోపం వల్ల 2025 ఏప్రిల్‌లో దాదాపు 6 లక్షల బండ్లను రీకాల్ చేసింది. 2021 నుంచి 2024 మధ్య తయారైన వాటిలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు విన్ (బండి గుర్తింపు) నంబర్‌తో ఆ రీకాల్ పని పూర్తయిందో లేదో చూసుకోవాల్సిందే. ఫోర్డ్ అదే ఏడాది రీకాల్స్ సంఖ్యలో రికార్డే కొట్టింది. పెట్రోల్ ఇంజిన్ల వరకు వారంటీ రెండింటికీ ఒకటే: బండికి 3 ఏళ్లు లేదా 36,000 మైళ్లు, ఇంజిన్, గేర్‌బాక్సులకు 5 ఏళ్లు లేదా 60,000.

మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పొడవు దాదాపు 5.3 మీటర్లు. దాన్నే హైదరాబాద్ సందుల్లో తిప్పడం కష్టం. నాలుగు డోర్లు, చిన్న బెడ్ ఉన్న ఎఫ్-150 అయినా సిల్వరాడో అయినా 5.9 మీటర్లు, అంటే 19 అడుగుల 4 అంగుళాలు. ఇరవై అడుగుల గ్యారేజీలో పెడితే తలుపు దించాక ముందూ వెనకా కలిపి మిగిలేది ఎనిమిది అంగుళాలే. ఇక లాగే పనే లేదు, ఏడాదికి రెండుసార్లు మట్టి బస్తాలు తెచ్చుకోవడానికే అయితే హోమ్ డిపోలోనే ట్రక్కు గంటల లెక్కన అద్దెకిస్తారు.