శ్రమదానం ఫ్లెక్సీ గారికి ఒక వాలంటీరు విన్నపం

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి దివ్య సముఖానికి,

తిరుపతి, కొర్లగుంట నుంచి ఒక వాలంటీరు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. (నెలకు 5,000 గౌరవ వేతనం తీసుకున్న ఆ పాత వాలంటీరును కాను సామీ. తెల్లారి లేచి ఊరికే కసువు ఎత్తే రకం.)

మొన్న మూడో శనివారం మా వీధి శుభ్రం చేసే కార్యక్రమానికి అందరికంటే ముందు వేంచేసింది తమరే. మేం కళ్లు నులుముకుంటూ వచ్చేసరికే రెండు కరెంటు స్తంభాల మధ్య రెపరెపలాడుతున్నారు. ఒంటినిండా మొహాలు. పైన పెద్దవాళ్లు, నడుమ నడిరకం, అడుగున పోస్టల్ స్టాంపు సైజులో ఖర్చు పెట్టుకున్నవాళ్లు. అందరూ చేతులు జోడించినవాళ్లే, చీపురు పట్టినవాడు ఒక్కడూ లేడు. గాంధీగారికి చోటు చాలక ఒక మూల కళ్లజోడు మాత్రం పెట్టారు.

ఆ కళ్లజోడుతో స్వచ్ఛభారత్ మొదలైంది 2014 అక్టోబరు 2న. 2021లో మళ్లీ అదే తేదీన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అన్నారు, ఇంటికి మూడు బుట్టలిచ్చారు, చెత్త పన్ను వేశారు. 2024లో మళ్లీ అదే అక్టోబరు 2న ఆ పన్ను రద్దు చేస్తున్నామన్నారు. పన్ను పోయింది, బుట్టలు మిగిలాయి. మా వీధిలో నీలం బుట్టలో ఉల్లిగడ్డలు, ఎర్రబుట్టలో పాత చెప్పులు పెట్టుకుంటున్నారు. 2025 జనవరి నుంచి ఇప్పుడు స్వచ్ఛాంధ్ర, నెలనెలా మూడో శనివారం. పథకాలు వచ్చాయి, పోయాయి. అన్నిటికీ ముందు నిలబడి స్వాగతం చెప్పింది మాత్రం తమరే.

తమరి ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో 100 మైక్రాన్లకు తక్కువైన పీవీసీ బ్యానర్లూ ఉన్నాయి. ఆ మరుసటి నెలే విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి రాష్ట్రంలో ఫ్లెక్సీలే ఉండవన్నారు. ఆ మాట ఏమైందో మా స్తంభాలను అడిగితే చెబుతాయి. 120 మైక్రాన్లకు తక్కువ సంచిలో వంకాయలు పోసిచ్చిందని కూరగాయల అమ్మకు జరిమానా వేస్తారు గానీ, తమరి మందం కొలిచే మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇక ఆ రోజు ముచ్చట. మా వీధిని పారిశుద్ధ్య కార్మికులు రాత్రే ఊడ్చేశారు. పెద్దాయన వచ్చేసరికి ఊడవడానికేం లేదని ఆర్గనైజర్లకు టెన్షన్ పట్టుకుంది. పక్క సందులోంచి గంపెడు ఎండుటాకులు తెచ్చి తమరి ఎదురుగా పోశారు. ఆయన నాలుగు ఆకులు అటు నుంచి ఇటు జరిపారు. చీపురు పిడికి చుట్టిన ప్లాస్టిక్ కవరైనా తీయలేదు. గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని రోజుకో వేషం కడతాం కదా, అక్కడ వేషం కట్టినవాడు ఎండకు మాడుతూ వీధులన్నీ తిరిగి అమ్మ గుడికి పోవాల్సిందే. మూడో శనివారం వేషానికి ఆ బాధ లేదు, కెమెరా క్లిక్‌మంటే చాలు.

నేనూ మరో ఇద్దరు పిల్లకాయలూ మాత్రం కాలువ గట్టున వంగి ఏరుకుంటున్నాం. అక్కడ ఏముంటాయో తమరికి ఎత్తు మీద నుంచి కనబడదు గాబట్టి చెబుతున్నా. నీళ్ల బాటిళ్లుండవు. అలిపిరి దాటితే ప్లాస్టిక్ బాటిల్ పోనివ్వరని యాత్రికులు కింద పారేసి పోయేవి కూడా తెల్లారేలోపే మాయం, పాత సామాన్ల కొట్టులో కిలో లెక్కన కొంటారు కాబట్టి. మిగిలేదంతా ధర పలకని సరుకు. గుట్కా ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు. వాటిలో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పొర అతుక్కుపోయి ఉంటాయి, విడదీయడం కష్టం, అందుకే ఎవరూ కొనరు, ఎవరూ ఏరరు.

అన్నిటికంటే మొండిది పాల ప్యాకెట్ మూల. కత్తెరతో కోసి పారేసిన గోరంత ముక్క. మట్టిలో దిగబడి ఉంటుంది, గ్లవుజు వేళ్లకు చిక్కదు. గ్లవుజు తీసి గోటితో గీకి లాగాలి. ఒకటి లాగితే పక్కన ఇంకో నాలుగు తేలతాయి. మూల పూర్తిగా తెగ్గోయకుండా ప్యాకెట్‌కే వేలాడనిస్తే ఈ గొడవే లేదు. ఈ ఒక్క ముక్క తమరి మీద రాసుంటే వీధి ఆడవాళ్లు, మగవాళ్లు చదివేవాళ్లు. తమరి మీద రాసిందేమో ‘పరిశుభ్రతే పరమావధి’. పరమావధి అంటే ఏ మూల కోయాలని?

నిండిన సంచి ఎత్తబోతుంటే పారిశుద్ధ్యం అక్క ఒకామె వచ్చి, “ఆ సంచి ఆడ పెట్టన్నా, మేం ఎత్తుకుంటాంలే. నువ్వు పోయి ఫోటో దిగు పో” అంది. వెటకారం కాదు, నిజంగానే నా మీద జాలిపడింది. ఆమె ఫోటో తమరి మీద లేదు. రోజూ ఊడుస్తుంది కదా, ఇక అందులో విశేషమేముంది!

ఫోటోలయ్యాక అందరికీ టీ ఇచ్చారు. పేపర్ కప్పులే, లోపల మాత్రం ప్లాస్టిక్ పూత. ఇడ్లీ థర్మాకోల్ ప్లేట్లలో. గంట తర్వాత చూస్తే వీధంతా అద్దంలా ఉంది, తమరి కింద తప్ప. ఆ కుప్ప కూడా ఆ అక్కే ఎత్తింది.

ఇంతకీ ఈ లేఖ ఎందుకంటే, తమరి పునరావాసం గురించి. కాల్చడానికి లేదు, పీవీసీ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులు తోడేస్తుంది. కాలువలో వేస్తే వానలకు అడ్డం పడతారు. మా సందు చివర ఇడ్లీ బండి అక్క తమరిని ఇమ్మని అడుగుతోంది, బండి మీద పరదా కట్టుకుంటుందట. మొహాలు లోపలికి తిప్పి కడుతుందట, బయటికుంటే ఒక పార్టీవాళ్లు ఇడ్లీ తినడం మానేస్తారని. తమరు ఒప్పుకుంటే ఇవాళే విప్పుతాను.

వచ్చే నెల తమరి తమ్ముడుగారు వస్తారు కదా, ఆయనకో మాట చెప్పండి. ఒంటిమీద తేదీ అచ్చు వేయించుకోవద్దని. ఆ చోటు ఖాళీగా వదిలేస్తే మేమే స్కెచ్ పెన్నుతో రాసుకుంటాం. మొహాల సంగతంటారా, అవి మారేది ఐదేళ్లకోసారే.

ఇట్లు,
తమరి కింద కప్పులు లెక్కపెట్టిన
ఒక కొర్లగుంట వాలంటీరు

తా.క.: ఇడ్లీ బండి అక్క తాళ్లు కూడా అడుగుతోంది. నైలాన్‌వి, గట్టివట.