కంపైల్ అవుతోంది సార్

యూనిక్స్ జాతి యంత్రాలలో ఒక సాఫ్ట్‌వేరును సోర్సు కోడు (మనిషి రాసిన ప్రోగ్రాము పాఠం) నుంచి స్వయంగా నిర్మించుకోవాలంటే మూడే మూడు ఆదేశాలు చాలునని, చాలా ప్యాకేజీలతో పాటు వచ్చే ఇన్‌స్టాల్ అనే ఫైలు సెలవిస్తుంది. మొదట యంత్రాన్ని పరీక్షించే కాన్ఫిగర్, తరువాత నిర్మించే మేక్, చివరన దానిని స్థానంలో కూర్చోబెట్టే మేక్ ఇన్‌స్టాల్. కాన్ఫిగర్ నడవడానికి కొంత సమయం పట్టవచ్చునని, ఆ సమయంలో అది తాను వేటి కోసం వెతుకుతున్నదో తెర మీద చెబుతూ ఉంటుందని గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ప్రాజెక్టు వారి ప్రామాణిక ఫైలులో ఒక వివరణ కూడా ఉంటుంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మొదటి ఆదేశానికీ మూడవ ఆదేశానికీ నడుమ ఎంతమంది యువకుల వారాంతాలు కలిసిపోయాయో ఆ ఫైలు రాసినవారు చెప్పలేదు, అంతే.

మా ఆఫీసులో రాత్రివేళ రిపోర్టులు తయారుచేసే సర్వరు ఒకటి ఉండేది. దాని మీద 2014లో విడుదలైన సెంటోస్ 7 అనే లినక్స్ వ్యవస్థ నడిచేది. ఆ వ్యవస్థకు 2024 జూన్ 30 దాకా ఆయుర్దాయం ఉన్నదని తయారీదారులే ప్రకటించి ఉన్నందువల్లనూ, ఆ తేదీ అప్పటికింకా రానందువల్లనూ, దానిని కదిలించాలన్న ఆలోచన ఎవరికీ లేదు. దానిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను పేరు పెట్టి పిలిస్తే పలికేది 2.7.5 వెర్షను. ప్యాకేజీలు తెచ్చిపెట్టే యమ్ ద్వారా మామూలు పద్ధతిలో కొత్తది కావాలంటే 3.6 దొరికేది. మా విభాగంలో కొత్తగా చేరిన కుర్రవాడికి మాత్రం 3.10 తప్ప మరొకటి పనికిరాలేదు. ఎందుకంటే 3.10లో మ్యాచ్, కేస్ అనే కొత్త వాక్య నిర్మాణం వచ్చింది. దానిని అతడు తన ప్రోగ్రాములో ఒకే ఒక్క చోట, రెండు ఇఫ్‌లతో తేలిపోయే పనికి వాడుకున్నాడు.

"ఆ రెండు ఇఫ్‌లు రాసేస్తే సరిపోతుంది కదా బాబూ?" అని అడిగాను.

"చూడటానికి బాగుండదు సార్," అన్నాడు.

సౌందర్య దృష్టితో వాదించడం కష్టం. సర్వర్లు చూసుకునే పెద్దాయన కూడా ఆ సమయానికి ఏదో ఫోనులో ఉండి, విషయం పూర్తిగా వినకుండానే కుర్రవాడికి సుడో (సర్వరులో ఏదైనా మార్చగల) అధికారం ఇచ్చేశారు.

కుర్రవాడు 3.10 సోర్సును దించుకుని, విప్పి, ఎంతో ఉత్సాహంగా కాన్ఫిగర్ మొదలుపెట్టాడు. సోర్సును యంత్ర భాషలోకి మార్చే ఆమోదయోగ్యమైన సీ కంపైలరు ఏదీ కనబడలేదని చెప్పి అది రెండు క్షణాల్లో ఆగిపోయింది. సర్వరులో కంపైలరు లేకపోవడంలో వింత లేదు. వంట చేయని ఇంట్లో పొయ్యి ఎందుకుంటుంది? యమ్‌తో డెవలప్‌మెంట్ టూల్స్ అనే మూటను మొత్తంగా దించుకున్నాడు. జీసీసీ 4.8.5 అనే కంపైలరు వచ్చి కూర్చున్నది. కాన్ఫిగర్ మళ్లీ మొదలయింది, ఈసారి ఆగలేదు.

కాన్ఫిగర్ వేసే ప్రశ్నలను ఓపికగా చదివినవారు తక్కువ. నేను చదివాను, ఎందుకంటే కుర్రవాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నీ పూర్ణాంకం ఎన్ని బైట్లు? నాలుగు. నీ పాయింటరు? ఎనిమిది. బిట్లను కుడివైపుకు జరిపితే నీ గుర్తు బిట్టు వెంట వస్తుందా? వస్తుంది. నీ పోల్ చెడిపోయి ఉన్నదా? లేదు. నీ అన్‌సెట్‌ఎన్వ్ చెడిపోయి ఉన్నదా? లేదు. నీ దగ్గర కేక్యూ ఉన్నదా? లేదు, అది బీఎస్‌డీ వారి ఇంటి సొత్తు. స్లాష్ దేవ్ స్లాష్ పీటీసీ ఉన్నదా? లేదు, అది ఐబీఎం వారి ఏఐఎక్స్‌లో ఉంటుంది. హైదరాబాదులో ఏసీ గదిలో ఊరికే కూర్చున్న ఒక లినక్స్ పెట్టెను పట్టుకుని, నీవు ఏఐఎక్స్ యంత్రానివా అని పరోక్షంగా అడగడం నాకు కొంచెం అన్యాయంగానే తోచింది.

అయితే ఈ ఆరాకు కారణం ఉన్నది. 1980లలోనూ ఆ తరువాత కొంతకాలమూ సన్‌ఓఎస్, హెచ్‌పీ-యూఎక్స్, ఏఐఎక్స్ వంటి యూనిక్స్‌లు పేరుకు ఒకే కుటుంబానివైనా, ఏ ఫంక్షను ఎక్కడ ఉంటుందో, ఎవరి ఫంక్షను ఏ వయ్యారంతో పనిచేస్తుందో ఒకదానితో ఒకటి కలిసేది కాదు. ప్రోగ్రాము రాసినవారు ప్రతి యంత్రానికీ ఒక తీరున చేత్తో మార్పులు చేసుకుంటూ విసిగిపోయిన రోజులలో, 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్‌ను తయారుచేశారు. యంత్రం పేరు అడిగి దాని మాట నమ్మడం కన్నా, చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి, వాటిని కంపైల్ చేసి చూసి, దాని శక్తి సామర్థ్యాలను తానే నిర్ధారించుకోవడం మేలన్నది దాని సిద్ధాంతం. ఆ యంత్రాలలో అధికభాగం పాత సామాను కొట్లకు చేరినా, ప్రశ్నలు మాత్రం ఇంకా విధుల్లోనే ఉన్నాయి.

కాన్ఫిగర్ చివరన ఒక చిన్న సలహా కనబడింది. అన్ని ఆప్టిమైజేషన్లతో కూడిన నిర్మాణం కావాలంటే ఎనేబుల్ ఆప్టిమైజేషన్స్ అనే ఐచ్ఛికంతో మళ్లీ నడపమని దాని భావం. కావాలా అని అడిగితే వద్దనే వయసు కాదు మా కుర్రవాడిది. ఆ పద్ధతిలో పైథాన్‌ను ఒకసారి నిర్మించి, దానితో పరీక్షలు నడిపించి, ఏ దారి ఎక్కువగా నలిగిందో కనిపెట్టి, ఆ సమాచారంతో మొత్తం మళ్లీ నిర్మిస్తారు. సిద్ధాంతం అమోఘమైనదే కాని, మా ముసలి జీసీసీ 4.8.5కు ఆ వ్యాయామం పడలేదు. రన్‌పై అనే మాడ్యూలును తెచ్చుకోలేకపోయానని చెప్పి నడిమధ్యలో కూలబడింది. కుర్రవాడు ఆ ఐచ్ఛికాన్ని తీసేసి, మేక్ క్లీన్ కొట్టి, మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

అదే సమయంలో మేనేజరు గారు అటుగా వచ్చి, నల్లని తెర మీద తెల్లని అక్షరాలు ఎవరూ చదవలేనంత వేగంగా పైకి పోవడం చూసి నిలబడిపోయారు.

"రిపోర్టు ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

"కంపైల్ అవుతోంది సార్," అన్నాడు కుర్రవాడు.

ఆయన ముఖంలో నేను ఎన్నడూ చూడని తృప్తి కనబడింది. పని ముమ్మరంగా సాగుతున్నదని క్లయింటుకు అప్పటికప్పుడు ఈమెయిలు పంపించారు. వేగంగా పోయే అక్షరాలకు ఉన్న గౌరవం నిలకడగా ఉండే అక్షరాలకు ఏ ఆఫీసులోనూ లేదు.

మేక్ ముగిసి ఇన్‌స్టాల్ దగ్గరకు వచ్చేసరికి, జీలిబ్ అనే కుదింపు లైబ్రరీ అందుబాటులో లేదు గనుక డేటాను విప్పలేనని ఒక సందేశం వచ్చింది. కుర్రవాడికి కోపం వచ్చింది, ఎందుకంటే జీలిబ్ ఆ సర్వరులో ఉన్నది; సగం వ్యవస్థ దాని మీదే నడుస్తున్నది. నడవడానికి కావలసిన లైబ్రరీ వేరని, నిర్మించడానికి కావలసిన హెడర్ ఫైళ్లు వేరని, ఆ రెండవ భాగం చివర డెవెల్ అని తోక ఉన్న వేరే ప్యాకేజీలో వస్తుందని అతడికి పెద్దాయన చెప్పారు. కుర్రవాడు ఆ తోక ఉన్నవాటిని ఒక్కొక్కటే తెచ్చుకున్నాడు. జీలిబ్, బీజిప్2, రీడ్‌లైన్, ఎస్‌క్యూలైట్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ, ఓపెన్‌ఎస్ఎస్ఎల్. మళ్లీ కాన్ఫిగర్, మళ్లీ మేక్, మళ్లీ క్లయింటుకు ఈమెయిలు.

ఈసారి పైథాన్ కూర్చున్నది. దానితో వచ్చిన, పైథాన్ లైబ్రరీలు తెచ్చే పిప్‌ను ఒక లైబ్రరీ తెమ్మని పంపితే, అది గడప దాటలేదు. తాను వెళ్లవలసిన చోట్లకు టీఎల్‌ఎస్ అనే సురక్షిత సంభాషణ పద్ధతి కావాలని, ఈ పైథాన్‌లో దానిని చూసుకునే ఎస్ఎస్ఎల్ మాడ్యూలు లేదని తేల్చి చెప్పింది. వెనక్కు వెళ్లి మేక్ చెప్పిన మాటలు వెతికితే, ఆ వేల పంక్తుల అడుగున అసలు సంగతి ముందే ఉన్నది. పైథాన్ 3.10కు ఆ పనికి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీ 1.1.1 గాని, అంతకన్నా కొత్తది గాని కావాలి. సెంటోస్ 7 ఇచ్చినది 1.0.2. ఈ సంగతిని తప్పుగా కాక సమాచారంగా మాత్రమే చెప్పి, మేక్ తన పని విజయవంతంగా ముగించుకున్నది. కంపైలర్లు చిన్న సెమికోలన్ లేకపోతే ఇల్లెక్కి అరుస్తాయి, ఇంటర్నెట్టే లేని పైథాన్‌ను తయారుచేసినప్పుడు మాత్రం మర్యాదగా గొంతు తగ్గిస్తాయి.

కాబట్టి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సోర్సు దిగింది. దాని నిర్మాణ వ్యవస్థ పెర్ల్ అనే మరో భాషలో రాసినది. పైథాన్ కోసం బయలుదేరినవాడు పెర్ల్ వాకిట్లో నిలబడవలసి వచ్చింది. ఇందులో కుర్రవాడి అదృష్టం ఏమిటంటే పెర్ల్ ఆ సర్వరులో అప్పటికే ఉన్నది. అందరికీ ఆ అదృష్టం పట్టదు. ఒకప్పుడు, లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ అనే పనిముట్టును నిర్మించడానికి జీలిబ్ పేరుకు దగ్గరగా వినిపించే గ్లిబ్ అనే మరో లైబ్రరీ కావాలి, ఆ గ్లిబ్‌ను నిర్మించడానికేమో పీకేజీ-కాన్ఫిగ్ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. చివరకు పీకేజీ-కాన్ఫిగ్ వారే గ్లిబ్ ప్రతిని ఒకదానిని తమ మూటలో పెట్టి పంచి ఆ చిక్కు విడదీశారు.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ యూజర్ లోకల్ కింద కూర్చున్నది. కుర్రవాడు దాని దారి చూపించి పైథాన్‌ను ఇంకొకసారి నిర్మించాడు. అప్పుడు మేక్ చెప్పిన మాట నా ఉద్యోగ జీవితంలో విన్న మాటలన్నిటిలో నిజాయితీ గలది. కింది మాడ్యూళ్లను విజయవంతంగా నిర్మించాము, కాని వాటిని ఇంపోర్టు చేసుకోలేకపోయినందువల్ల తొలగించాము, అన్నది. ఆ జాబితాలో ఎస్ఎస్ఎల్ ఉన్నది. కొత్త లైబ్రరీ డిస్కు మీద ఉన్నా, నడిచే వేళ లైబ్రరీలను వెతికిపెట్టే లోడరుకు ఆ డైరెక్టరీ చిరునామా తెలియదు. ఆ దారిని ఒక కాన్ఫ్ ఫైలులో రాసి ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టమని పెద్దాయన చెప్పి, అధికారం ఇచ్చిన రోజు ఫోనులో మాట్లాడుతున్నది ఎవరితోనో గుర్తు తెచ్చుకునే ప్రయత్నంలో పడ్డారు.

ఇంతటితో కథ సుఖాంతమయ్యేది. పైథాన్ 3.10 పలికింది, పిప్ బజారుకు వెళ్లివచ్చింది. పాత పైథాన్‌కు అడ్డు రాకుండా ఉండేందుకు మేక్ ఇన్‌స్టాల్ బదులు మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడమని రీడ్‌మీ చెప్పిన సలహాను కూడా కుర్రవాడు శ్రద్ధగా పాటించాడు. కాని టెర్మినల్‌లో ఊరికే పైథాన్ అని కొడితే ఇంకా 2.7.5 వస్తూ ఉండటం అతడి మనసులో ముల్లులా గుచ్చుకున్నది. ఇంత శ్రమపడి కొత్తదానిని తెస్తే పాతది పెత్తనం చేయడమా అనుకున్నాడు. యూజర్ బిన్‌లో పైథాన్ అనే సింబాలిక్ లింకు, అంటే అసలు ఫైలు వైపు చూపే గుర్తు, ఉంటుంది. దానిని చెరిపి, 3.10 వైపు తిప్పాడు. ఒకే ఒక్క ఆదేశం. కాన్ఫిగర్ లేదు, మేక్ లేదు, ఒక్క హెచ్చరిక కూడా రాలేదు.

తరువాత ఏదో ప్యాకేజీ కోసం యమ్‌ను పిలిచాడు.

సెంటోస్ 7లో యమ్ పైథాన్ 2లో రాసిన ప్రోగ్రాము. దాని మొదటి పంక్తి, నన్ను నడిపించవలసినది యూజర్ బిన్‌లోని పైథాన్ అని చెబుతుంది. ఇప్పుడు ఆ పేరుకు పలికినది 3.10. అది యమ్ ఫైలును చదువుకుంటూ వచ్చి, 30వ పంక్తిలో కీబోర్డ్ ఇంటరప్ట్ అనే మాట తరువాత కామా ఉన్న చోట ఆగి, ఆ మాటల కింద చిన్న బాణం గుర్తులు వరుసగా వేసి, వ్యాకరణ దోషం అన్నది. ఆ కామా పైథాన్ 2 కాలంలో సలక్షణమైనదే. 2008 డిసెంబరులో వచ్చిన 3.0 నుంచి దానికి కాలం చెల్లింది. ఆ 30వ పంక్తి ఉద్యోగం ఏమిటంటే, ఎవరైనా మధ్యలో కంట్రోల్-సీ నొక్కి ఆపేస్తే, సరే, మీరు రద్దు చేశారు గనుక సెలవు తీసుకుంటున్నాను అని మర్యాదగా తప్పుకోవడం. మర్యాద కోసం రాసిన పంక్తి దగ్గరే ప్రాణం పోయింది.

"సార్, యమ్ పనిచేయడం లేదు," అన్నాడు కుర్రవాడు. "సోర్సు నుంచి కొత్త యమ్ కంపైల్ చేస్తే ఎలా ఉంటుంది?"

పెద్దాయన మాట్లాడలేదు. కుర్చీ జరుపుకుని కూర్చుని, ఆ లింకును మళ్లీ పైథాన్2 వైపు తిప్పి, యమ్ పలుకుతున్నదో లేదో చూసి, అదే ఊపులో సుడో జాబితా తెరిచి ఒక పంక్తిని చెరిపి, లేచి వెళ్లిపోయారు. మేనేజరు గారు మాత్రం, తెర మీద అక్షరాలు ఎందుకు ఆగిపోయాయని ఆందోళనగా అడిగారు.

మరునాడు ప్రోగ్రాము నడవలేదు. దానికి కావలసిన ఒక చిన్న లైబ్రరీ సోర్సు రూపంలోనే దొరికింది, అది సీ ప్లస్ ప్లస్ 17లో రాసి ఉన్నది, 4.8.5కు ఆ ఐచ్ఛికం పేరే తెలియదు. కొత్త కంపైలరు డెవ్‌టూల్‌సెట్ అనే పేరుతో యమ్‌లోనే సిద్ధంగా దొరుకుతుందని, అడిగితే తానే తెచ్చిపెడతానని పెద్దాయన అన్నారు.

"అది రెడీమేడ్ కదా సార్," అన్నాడు కుర్రవాడు, కొంచెం చిన్నబుచ్చుకుని.

"నీకు సుడో లేదు."

"అక్కరలేదు సార్. ప్రిఫిక్స్ ఇచ్చుకుని నా హోమ్ డైరెక్టరీలోనే కట్టుకుంటాను."

అప్పటికే అతడి తెర మీద జీసీసీ 11 నిర్మాణ సూచనలు తెరిచి ఉన్నాయి. జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే మూడు లైబ్రరీలు ముందుగా కావాలి. ఆ తరువాత పాత కంపైలరు కొత్త కంపైలరును నిర్మిస్తుంది, ఆ కొత్తది తనను తానే మళ్లీ నిర్మించుకుంటుంది, అలా నిర్మించుకున్నది ఇంకొకసారి నిర్మించుకుంటుంది, చివరి రెండూ అచ్చుగుద్దినట్లు ఉంటేనే పని సజావుగా జరిగినట్లు. పెద్దాయన డిస్కులో ఎంత ఖాళీ ఉన్నదో చూడటానికి డీఎఫ్ కొడుతున్నారు. కుర్రవాడు సూచనలలోని ఒక పంక్తి మీద వేలు పెట్టి, వెలిగిపోతున్న ముఖంతో నా వైపు తిరిగాడు.

"దీనిని కట్టడానికి కనీసం 4.8.3 కావాలట సార్. మనది 4.8.5!"